ఖాళీ గడిలో ఉరుము

నూట ఎనభై ఏడు గడులు ఊరికే కూర్చోవాలి. ఊరికే అని ఎవరన్నారో గానీ, ఆ మాట పిన్ని ముందుకొచ్చి అనమనండి చూద్దాం. ముందు వరసల్లో వయొలిన్ల వాళ్ళు భుజాలు పడిపోయేలా వాయిస్తున్నారు, వాళ్ళకేం, చేతికి పనున్న మనిషికి బుర్రతో పనుండదు; అందరికంటే వెనక, అందరికంటే ఎత్తు మెట్టు మీద, గంగాళాల్లాంటి నాలుగు రాగి డోళ్ళ మధ్య కూర్చున్న, బృందమంతా పిన్నీ అని పిలిచే ఈవిడకి మాత్రం లెక్కే పని. కాగితం మీద నాలుగు దెబ్బలకొక గడి గీసి ఉంటుంది, గడిలో ఏమీ రాసి లేకపోతే నోరు మూసుకుని దాన్ని మనసులోనే దాటాలి, ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు, గడి మారినప్పుడల్లా మొదటి అంకె మారుతుంది, తక్కినవి మారవు, పది గడులైతే కుడిచేతి వేలొకటి ముడుచుకోవాలి, ఐదు వేళ్ళూ ముడిస్తే యాభై, మళ్ళీ ఒక్కొక్కటే విప్పుకుంటూ వస్తే వంద. ముప్పై ఏళ్ళుగా పిన్ని తిన్న తిండంతా ఈ అంకెలకే సరిపోయింది. ఇప్పుడు పద్నాలుగు. పద్నాలుగు రెండు మూడు నాలుగు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటల కచేరీ, హాలు నిండిపోయి గోడల వెంబడి కూడా నిలబడ్డారు, తలుపులు వేసేశారు, ఇక తుమ్మొచ్చినా దగ్గొచ్చినా లోపలే మింగాలి.

వాయిస్తున్నది గాలివాన. గాలివాన మీద పాట కాదు, గాలివానే, నలభై నిమిషాలు, అరవై మంది మనుషులు చెక్కతో తీగతో ఇత్తడితో కలిసి కట్టే వాన. దాన్ని రాసినావిడ మూడో వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నలభై ఐదేళ్ళ మనిషి, జుట్టు ముందువైపు తెల్లబడింది, అయినా బృందంలో ఆవిణ్ణి ఇప్పటికీ చివరికుర్చీ అమ్మాయి అనే అంటారు. ఒకప్పుడు ఇదే బృందంలో, వయొలిన్ల వరసలో చివరి కుర్చీ ఆవిడది, చివరిది కాబట్టి డోళ్ళకి అందరికంటే దగ్గర, డోలు మోగితే ముందు అదిరేది ఆ కుర్చీయే. ఇరవై రెండు మూడు నాలుగు, రెండో వేలు ముడుచుకుంది. ఈ నూట ఎనభై ఏడింటితో పిన్నికి చింత లేదు, లెక్కలో ఆవిణ్ణి మించినవాళ్ళు ఈ గోడల మధ్య లేరు. చింతంతా ఆ తర్వాతి గడితో. అందులో ఏమీ లేదు. దెబ్బ లేదు, అంకె లేదు, ఎంత పొడవో లేదు. పెన్సిలుతో ఒక్క ముక్క రాసి ఉంది, ఇక్కడ ఉరుము, ఎప్పుడన్నది మీ ఇష్టం, అని. అక్కడికొచ్చేసరికి బృందమంతా అడుగున ఒకే ఒక్క స్వరం పట్టుకుని ఆగిపోతుంది, పిన్ని ఉరిమేదాకా ఎవరూ కదలరు, ఉరిమితేనే వాన. ఆలస్యమైతే చప్పబడిపోతుంది. తొందరపడితే, అమ్మో, ఆ తొందర సంగతి పిన్నికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. లెక్కపెట్టుకుని కొడితే మరీ ఘోరం, లెక్కపెట్టుకుని కొట్టిందని తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందో గానీ తెలిసిపోతుంది. మూడు రిహార్సళ్ళలోనూ తెలిసిపోయింది.

మొదటి రిహార్సల్లో ఆ ఖాళీ గడి దగ్గర పిన్ని గుట్టుగా పదహారు గడులంత లెక్కపెట్టుకుని కొట్టింది. రెండోసారి వేళ్ళు కనబడకుండా కర్రల చుట్టూ బిగించి, బూట్ల లోపల కాలివేళ్ళతో లెక్కపెట్టింది. మూడోసారి అయ్యాక అందరూ టీలకి పోయారు, చివరికుర్చీ అమ్మాయి ఒక కుర్చీ లాక్కొచ్చి డోళ్ళ పక్కన వేసుకుని కూర్చుంది.

"పదహారు కదా?"

"ఏం పదహారు?"

"మూడుసార్లూ పదహారే కొట్టారు. కాలివేళ్ళతోనా?"

పిన్ని కాళ్ళు వెనక్కి లాక్కుంది. "లెక్క లేకపోతే ఎలాగమ్మా? గుడ్డెద్దు చేలో పడ్డట్టు కొట్టమంటావా?"

"వాన లెక్కపెట్టుకుని పడుతుందా పిన్నీ?"

"ఆ సంగతి మా ఆయన్నడుగు. ఆఫీసులో కూర్చుని రోజూ లెక్కపెడతాడు. ఒక్కటీ కలవదు."

అమ్మాయి నవ్వింది గానీ వదల్లేదు. ముప్పై ఎనిమిది, ముప్పై ఎనిమిది రెండు మూడు నాలుగు. వదలదు, చిన్నప్పటి నుంచీ అంతే, ఈ డోళ్ళు పిన్నే వాయించాలి, కాదంటే నా కాగితాలు నాకిచ్చేయండి అని కమిటీ వాళ్ళ బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి, ఆ మాట బయటికి పొక్కి పిన్ని చెవిన పడ్డ రోజు వంట మాడిపోయింది. వాళ్ళాయన మాడిన అన్నాన్నే మారు వడ్డించుకున్నాడు. వాతావరణ ఆఫీసులో ఉద్యోగం ఆయనది, గాలి ఎటు వీస్తోందో, గాలిలో తేమ ఎంతో రాసిపెట్టడం, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇవాళ వాన పడదు అంటాడు, ఆయన అలా అన్నరోజు గొడుగు పట్టుకెళ్ళడం ఆ ఇంట్లో మామూలు. ఇవాళా అన్నాడు. అన్నవాడే పదో వరసలో గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. బయట ఉక్కపోత, ఆకు కదలడం లేదు, ఇంతమంది ఊపిరికి హాలు లోపల ఇంకా తేమ, ఈ తేమే డోలుకి శత్రువు, తోలు తడిపీల్చి సాగిపోతుంది, సాగితే స్వరం కిందికి జారుతుంది. పిన్ని వంగి చెవి దాదాపు తోలుకి ఆనించి వేలి కొసతో ఒక్క చుక్క కొట్టి విన్నది. జారింది, వెంట్రుకవాసి. కాలికింద మీట నొక్కి పైకి లాగింది. ముందువరస నుంచి చూసేవాళ్ళకి ఆవిడ డోలుతో ఏదో గుసగుసలాడుతున్నట్టుంటుంది, అనుకోనీ, పాత కాపురం. నలభై మూడు రెండు మూడు నాలుగు. వంగినా లేచినా లెక్క ఆగదు. ఇంట్లోనూ ఆగదు, మెట్లు ఇరవై ఆరు, కుక్కరు విజిళ్ళు నాలుగు, వాళ్ళాయన గురక గురకకీ మధ్య ఐదు, పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు అన్నిటికీ ఒకటే లెక్క, ఇరవై రెండేళ్ళ నుంచి నిద్రలో కూడా వేళ్ళు ముడుచుకుంటోందని ఆయనే చెప్పాడు.

మొదటి చినుకులు పడుతున్నాయి. వయొలిన్ల వాళ్ళు విల్లు పక్కనబెట్టి తీగల్ని గోటితో మీటుతున్నారు, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, అసలు పడ్డాయా లేదా అని చెయ్యి చాపి చూసుకునే చినుకులు, తర్వాత విల్లు తిరగేసి చెక్కవైపుతో తీగల మీద టపటప, హాల్లో ఎవరో తల పైకెత్తి కప్పు చూశారు, చూశారంటే మరి అమ్మాయి గెలిచినట్టే. ఈ చినుకులు పిన్నివే. రెండేళ్ళ కిందట ఇంటికొచ్చి, వంటగదిలో బల్ల దగ్గర కాగితాలు పరుచుకుని, గాలివాన వస్తోందంటే మొదట మీకేం వినిపిస్తుంది పిన్నీ అని అడిగింది. మా నాన్న తిట్లు, అంది పిన్ని. నాన్న రేకుల మేస్త్రి, అందరి ఇళ్ళ కప్పులకీ రేకులు కోసి మేకులు బిగించేవాడు, సొంత షెడ్డు కప్పుకి మేకు బిగించే తీరిక మాత్రం ఆయనకు దొరకలేదు, గాలి లేవగానే ఆ కప్పు ఒక మూల ధన్ మని లేచి పడేది, ఆయన గాలినీ రేకునీ మేకునీ మేకు కనిపెట్టినవాణ్ణీ వరసపెట్టి తిట్టేవాడు. అది విని అమ్మాయి రాసుకుంది, నిజంగానే రాసుకుంది, కాసేపట్లో పెద్ద బేస్ వయొలిన్లు గుర్రుగుర్రుమంటూ కిందా మీదా పడతాయే, అవి నాన్న తిట్లు, పాపం ఆయనకి తెలియదు తను సంగీతంలోకి ఎక్కినట్టు. యాభై రెండు. ఒక వేలు విప్పాలి అరవైకి. షెడ్డు వెనక వాకిట్లో చిన్నపిల్ల, తొమ్మిదేళ్ళది, కోతలో మిగిలిన రేకు ముక్కలు ఏరుకొచ్చి ఇటుకల మీద వరసగా పెడుతోంది, చిన్నముక్క టింగుమంటుంది, పెద్దముక్క దబ్బుమంటుంది, వంగిన ముక్క తన ఇష్టమొచ్చినట్టంటుంది, వాన మొదలయ్యాక కూడా అటుదిటు ఇటుదటు మారుస్తూనే ఉంది, వాన వాయిస్తుంటే ఇది సర్దుతోంది, జుట్టు మొహానికి అంటుకుపోయింది, లోపల్నుంచి అమ్మ జలుబు చేస్తుందే పీనుగా అని అరుస్తోంది, ఇది వినడం లేదు. వాన తగ్గి మళ్ళీ పెరిగింది, ముక్కలన్నీ ఒక్కసారి మోగాయి, ఎవరూ నేర్పలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు, పిల్ల వాకిట్లో గెంతింది. ఆ గెంతు ఇప్పటికీ మోకాళ్ళలో ఎక్కడో ఉంది, మోకాళ్ళే అరిగిపోయాయి.

అరవై. వేలు విప్పింది. ముందు మెట్టు మీద బాకా ఆయన బట్టతల మెరుస్తోంది. పిన్ని కంటే రెండేళ్ళు పెద్ద, అయినా పిన్నీ అనే పిలుస్తాడు, ఈవిడ ఆయన్ని బావగారూ అంటుంది, వరసలు కుదరవు గానీ బృందంలో వరసలు ఎవరు చూశారు. ఆయనకి పనిలేనప్పుడల్లా చెయ్యి కుర్చీ వెనక్కి వేలాడేసి పది గడులకొకసారి వేళ్ళు చూపిస్తాడు, పిన్నికి కనబడేలా, ఒకటి, రెండు, మూడు. సాయమా వెక్కిరింతా అంటే రెండూ. ఇరవై రెండేళ్ళుగా చూపిస్తున్నాడు. ముందస్తు పిడుగు అని పేరుపెట్టింది కూడా ఈయనే, ఆ పేరు ఎంతమంది నోళ్ళలో నానిందో, కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజే ఆ కథ విని, రెండోరోజు పిన్నిని చూసి నవ్వాపుకుంటారు. డెబ్బై ఒకటి రెండు మూడు నాలుగు. కథేముంది, చిన్నదే. అప్పట్లో పిన్ని ముప్పై నాలుగేళ్ళ మనిషి, పెద్ద డోళ్ళు కొత్తగా చేతికొచ్చాయి, నూట రెండు గడులు ఆగి కొట్టాలి, నెమ్మదైన ఘట్టం, బృందమంతా సన్నబడి సన్నబడి ఒక్క దారం మీదికొచ్చింది, సన్నని కర్ర పట్టుకుని బృందాన్ని నడిపే పెద్దాయన, అందరూ కర్రాయన అనేవాళ్ళు, కళ్ళు మూసుకున్నాడు, ఆ నిశ్శబ్దంలో పిన్ని కొట్టింది. తొంభై రెండు దగ్గర. పది గడులు ముందు. హాల్లో ఒకావిడ కళ్ళజోడు జారి నేలమీద పడ్డ చప్పుడు కూడా వినబడింది. మర్నాడు పేపర్లో, హెచ్చరిక లేకుండా పిడుగు, అని చిన్న ముక్క వేశారు, వాళ్ళాయన దాన్ని కత్తిరించి దాచాడు, ఎందుకయ్యా అంటే, మా ఆఫీసు తప్పు కాని పిడుగు ఇదొక్కటే అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. పిన్ని నవ్వలేదు, వంటగదిలోకి పోయి ఏడ్చింది, మళ్ళీ ఎవరైనా వింటారేమోనని కుళాయి తిప్పి ఏడ్చింది.

పాత కర్రాయన అరవలేదు. అరిచుంటే బాగుండేది, ఎదురు అరవొచ్చు. గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, ఎక్కడ తప్పావమ్మా అన్నాడు. ఒక వేలు ఎక్కువ ముడిచాను సార్, అంది పిన్ని. పది గడులు ఒక వేలు, లెక్క అతికినట్టు సరిపోయింది, ఆయన తలూపాడు, మనుషులన్నాక తప్పు జరుగుతుంది అన్నాడు, పై వారం డోళ్ళు ఇంకొకాయనకి ఇచ్చి పిన్ని చేతికి చిన్న ఇనప త్రికోణం ఇచ్చాడు. టింగ్. ఇరవై రెండేళ్ళు టింగ్. మధ్యలో తాళాలు, గంటలు, గవ్వల గిలక, ఒక్కోసారి కచేరీ మొత్తానికి ఒక్క టింగ్, ఆ ఒక్క టింగ్ కోసం మూడొందల గడుల లెక్క, ఒక్కసారి కూడా తప్పలేదు, ఒక్కటంటే ఒక్కసారి, అయినా పేరు పోలేదు. ఎనభై తొమ్మిది. తొంభై. వేలు. ఆ తర్వాతిది వస్తోంది, తొంభై ఒకటి రెండు మూడు నాలుగు, తొంభై రెండు. తొంభై రెండు దగ్గర ఎప్పుడూ కాలికింద మెట్టు జారినట్టవుతుంది, ఏ సంగీతమైనా సరే, తొంభై రెండు మెట్లున్న చోట కూడా అవుతుంది. అయింది. జారింది. దాటింది. తొంభై మూడు.

నూట ఇరవై, నూట ముప్పై, గాలి లేస్తోంది. ఫ్లూట్లు ఈలేస్తున్నాయి, తలుపు సందుల్లోంచి దూరే గాలి, వెనకాలే నాన్న తిట్లు, ధన్, ఎక్కడో కప్పు లేచింది, ఇప్పటి కర్రాయన, యాభై ఏళ్ళ సన్నని మనిషి, చొక్కా వీపంతా చెమట, కర్రతో గాలిని కోస్తున్నాడు. నూట నలభై తర్వాత గాలి పడిపోవడం మొదలవుతుంది. అమ్మాయికి ఇదెలా తెలిసిందో, వాన ముందు గాలి ఒక్కసారి ఆగిపోతుందనీ, ఆగినప్పుడే భయమేస్తుందనీ. ఎలా తెలిసిందేమిటి, నువ్వే కదా చెప్పావు వంటగదిలో. నువ్వు చెప్పనిది కూడా ఆవిడకి తెలుసు. ఆ మూడో రిహార్సల్ రోజు లేవబోతూ కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడి, ఒకటడుగుతాను ఏమీ అనుకోవద్దు అంది. "ఆ రోజు మీ పక్క కుర్చీలో ఉన్నది నేనే. మీరు లెక్క తప్పలేదు కదా పిన్నీ?" పిన్ని టీ కప్పు కడగాలని వెళ్ళిపోయింది. కడిగిన కప్పే మళ్ళీ కడిగింది. ఏమని చెప్పాలి, ఇరవై రెండేళ్ళు ఒక వేలు ఎక్కువ ముడిచానని చెప్పి చెప్పి, ఆ వేలు నిజంగా ముడిచినట్టే గుర్తుండిపోయింది, చిటికెన వేలు, ఎంత బాగా గుర్తుందో. నూట అరవై రెండు. గాలి లేదు. వయొలిన్లు ఒక్కొక్క వరసే ఆగిపోతున్నాయి, నూట డెబ్బై, మీటు లేదు, చినుకు కూడా లేదు, బాకా ఆయన వేళ్ళు కుర్చీ వెనక, నూట యాభై తర్వాత మళ్ళీ మొదలెట్టి రెండు చూపించాయి, నూట ఎనభైకి మూడు, నూట ఎనభై ఐదు రెండు మూడు నాలుగు, నూట ఎనభై ఆరు రెండు మూడు నాలుగు, నూట ఎనభై ఏడు.

కర్రాయన కర్ర దించేశాడు. దించి, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడ్డాడు. రిహార్సల్లో కనీసం వేలు ఆడించేవాడు, ఇవాళ అదీ లేదు, దెబ్బ లేదు, తాళం లేదు, అరవై మందిలో బేస్ వయొలిన్లు మాత్రం అడుగున ఒకే స్వరం పట్టుకుని సాగదీస్తున్నాయి, వినబడీ వినబడనట్టు, మిగతా అందరూ వాద్యాలు ఒళ్ళో పెట్టుకున్నారు. బాకా ఆయన చెయ్యి కుర్చీ వెనకే ఉంది, ఎన్ని చూపించాలో తెలియక వేళ్ళన్నీ బార్లా చాపేశాడు. పిన్ని కర్రలు అందుకుంది. బూట్లలో కాలివేళ్ళు వాటంతటవే కదిలాయి, ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, ఛీ వద్దు, మూడు రెండు మూడు నాలుగు, వద్దంటే ఆగేదైతే కదా, ఎనిమిది, పది, మూడో వరసలో అమ్మాయి చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, కళ్ళు మాత్రం నేలను చూస్తున్నాయి, చూడకూడదనుకుంటోంది కాబోలు, పద్నాలుగు, పదిహేను, పదహారు. చెయ్యి లేచింది. అలవాటుపడ్డ చెయ్యి, పదహారుకి లేచింది, గాలిలో ఆగింది. కొట్టెయ్, మంచి చోటే, మూడుసార్లు కొట్టావు, బావుందన్నారు, ఎవరూ నవ్వరు, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకోవచ్చు. చెయ్యి దించింది. దించడం ఇంత బరువని ఎప్పుడూ తెలియలేదు. పదిహేడు. పదిహేడు ముందెప్పుడూ రాలేదు, పదిహేడు తర్వాత దారి లేదు, పద్దెనిమిది, హాలంతా ఊపిరి పీల్చుకుని వదలకుండా ఉంది, ఈ లెక్క ఎక్కడికెళ్తోంది, ఎక్కడిదసలు ఈ లెక్క, ఎవరు నేర్పారు.

నాన్నే. మెరుపు మెరవగానే లెక్కపెట్టవే, ఎంత లెక్కొస్తే అంత దూరంలో ఉంది, అనేవాడు షెడ్డు గుమ్మంలో బీడీ కాలుస్తూ, ఏడు వచ్చింది నాన్నా, అయితే ఇంకా చాలా దూరం, రేకులు లోపల పెట్టేందుకు టైముంది. నాలుగొచ్చింది నాన్నా. మూడొచ్చింది. ఒకరోజు మెరుపు కూడా లేదు, నల్లగా మూసుకొచ్చేసి గాలి ఆగిపోయింది, షెడ్డులో చీకటి, భయమేసి మెరుపు లేకుండానే లెక్క మొదలెట్టేసింది, ఒకటి రెండు మూడు, గట్టిగా, నాన్న వచ్చి తుప్పు వాసన వేసే అరచేత్తో నోరు మూశాడు. దూరానున్నదానికే లెక్కే పిచ్చితల్లీ. నెత్తిమీదికొచ్చినదానికి లెక్కుండదు. విను. విన్నది. గోడకి ఆనించిన రేకులు ఝుమ్మంటున్నాయి, ఎవరూ ముట్టుకోలేదు, ఒకదాన్ని చూసి ఒకటి, సన్నగా, పళ్ళలోకి ఎక్కేలా, రాబోయేది వాటికి ముందే తెలిసిపోయింది. కాలివేళ్ళు ఆగిపోయాయి. ఎప్పుడాగాయో పిన్నికి తెలియదు. కచేరీ మొదలైనప్పటి నుంచీ పక్కవాళ్ళ సంగీతానికి డోలు తనంతట తను గుయ్యిమనకుండా, పని లేనప్పుడు డోళ్ళవాళ్ళంతా చేసినట్టే, ఎడమ అరచెయ్యి పెద్ద డోలు తోలు మీద నొక్కిపట్టి ఉంచింది, ఇప్పుడు కర్రలు రెండూ చేతుల్లో ఉన్నా మణికట్టు అక్కడే నొక్కుకుని ఉంది. ఎత్తింది. డోలు ఝుమ్మంది. బేస్ వయొలిన్లు అడుగున పట్టిన స్వరాన్ని తోలు అందుకుంది, హాల్లో ఎవరికీ వినబడదు, పొట్టకి తెలుస్తుంది, మోకాళ్ళకి తెలుస్తుంది, అమ్మదొంగా, ఇదే, ఆ రోజూ ఇదే. ఆ రోజు చెయ్యెత్తింది పిన్ని, డోలు ఝుమ్మంది, తొంభై రెండని తెలుసు, బాగా తెలుసు, ఇంకా పది ఉన్నాయని తెలుసు, వేళ్ళన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి, తెలిసే కొట్టింది, ఎందుకంటే ఉరుము అక్కడుంది కాబట్టి, కాగితం మీద పది గడుల అవతల ఉండొచ్చు గానీ నెత్తిమీద అప్పుడే ఉంది కాబట్టి. తప్పు చేశానని చెప్పడం తేలిక, అందరూ అయ్యో అంటారు. అక్కడే ఉరమాలి సార్ అని చెప్పడానికి ముప్పై నాలుగేళ్ళప్పుడు నోరు రాలేదు. ఆ రాని నోటికి ఇరవై రెండేళ్ళు టింగ్. తోలు ఇంకా ఝుమ్మంటోంది, పెరుగుతోంది, అరచేతుల్లోంచి మోచేతుల్లోకి, ఇంకా కాదు, ఇంకా కాదు, ఇంకా—

ఉరిమింది.

రెండు చేతులూ కలిపి, భుజాల్లోంచి, వీపులోంచి, నడుములోంచి కొట్టింది, మొదటి దెబ్బకి బాకా ఆయన కుర్చీలో ఎగిరిపడ్డాడు, దాని వెనకే దొర్లింపు, నాలుగు డోళ్ళ మీదా కొండల అవతలిదాకా దొర్లుకుంటూ పోయి మళ్ళీ దొర్లుకుంటూ వచ్చింది, ముప్పై వయొలిన్లూ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి, వాన, అబ్బ ఏం వాన, కర్రాయన చేతులు ఎప్పుడు విప్పుకున్నాడో, కర్ర ఎక్కడ పారేసుకున్నాడో, ఉత్తి చేతులతో ఈదుతున్నాడు, ఫ్లూట్లు తలుపులు బాదుకున్నాయి, నాన్న తిట్టాడు, గాలినీ రేకునీ మేకునీ తిట్టాడు, ఈసారి ఆ తిట్లలో నవ్వుంది, కప్పు మొత్తం లేచింది, లేచిపోతే పోనీ, బాకాలు మెరిశాయి, బావగారి బుగ్గలు ఎర్రగా ఉబ్బి పగిలేలా ఉన్నాయి, వాయించవయ్యా వాయించు, ఇన్నాళ్ళూ వేళ్ళు చూపించావుగా, ఇప్పుడు ఊపిరి చూపించు. పిన్ని చేతులకి వయసు లేదు. కాగితం మీద ఏమి రాసుందో కళ్ళు చదువుతున్నాయి, చేతులు కొడుతున్నాయి, అంకెలేవీ అడ్డురావడం లేదు, జుట్టు మొహానికి అంటుకుపోయింది, జలుబు చేస్తే చేస్తుంది. ఎనిమిది నిమిషాల వాన. చివర్లో ఉరుము దూరమవుతుంది, నెమ్మదిగా, ఇష్టం లేనట్టు, ఒక డోలు ఆగుతుంది, ఇంకొకటి, పెద్ద డోలు మీద ఆఖరి దొర్లింపు సన్నబడి సన్నబడి తోలు మీద దూదికర్ర ఆనిందో లేదో తెలియనంతగా అయి, అయిపోయింది.

 కర్రాయన గాలిలో పెట్టిన చెయ్యి గాలిలోనే ఉంది. పదో వరసలో గొడుగు నేలమీద పడ్డ చప్పుడయింది, పడేసిన మనిషి లేచి నిలబడ్డాడు, హాలంతటిలోకీ ముందు నిలబడ్డది ఆయనే, నిలబడి ఆ గొడుగు సంగతే మర్చిపోయి చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ లేచారు. ఆ చప్పట్లు పడి కప్పు అదిరింది. చివరికుర్చీ అమ్మాయి వేదిక మీదికి రాకుండా తన వరసలోనే నిలబడి మొహం చేతుల్లో పెట్టుకుంది, పక్కవాళ్ళు ఆవిణ్ణి తోస్తున్నారు, కదలదే. కర్రాయన వెనక్కి తిరిగి, వయొలిన్లనీ బాకాలనీ దాటుకుని, ఆఖరి మెట్టు వైపు చెయ్యి చాపాడు. పిన్ని లేచింది. 

బాకా ఆయన కుర్చీలోంచి పూర్తిగా వెనక్కి తిరిగాడు. చెమటకి బట్టతలంతా తడి. "ఎన్ని గడులు ఆగారు పిన్నీ? నేను ముప్పై దాకా లెక్కపెట్టి వదిలేశాను."

"నేను లెక్కపెట్టలేదు బావగారూ."

 పిన్ని డోలు మీదికి వంగింది, చప్పట్ల హోరులో కూడా వినబడేలా, ఒక్కో మాటే చెప్పింది.

"ఇంకోటి కూడా చెబుతాను, వినండి. ఇరవై రెండేళ్ళ కిందట నేను లెక్క తప్పలేదు. తొంభై రెండని తెలుసు. అక్కడ ఉరమాలి, అందుకే ఉరిమాను."

  బాకా ఆయన బాకా తీసి కుర్చీలో పెట్టి లేచి నిలబడి, ప్రేక్షకులకి వీపు చూపిస్తూ, ఒక్క పిన్నికే చప్పట్లు కొట్టాడు. పక్కనున్న ఇత్తడి వాద్యాలవాళ్ళు ఏమైందో తెలియక ఆయన్ని చూశారు, చూసి వాళ్ళూ తిరిగారు, వాళ్ళని చూసి వయొలిన్ల వాళ్ళు, వరస వెంట వరస, బృందమంతా హాలుకి వీపు పెట్టి వెనక మెట్టు వైపు తిరిగింది. పిన్నికి దండం పెట్టాలో తల వంచాలో తోచలేదు. చెయ్యడానికి ఆవిడకి తెలిసిన పని ఒక్కటే ఉంది. కర్రలు మళ్ళీ అందుకుని, కాగితంలో లేకపోయినా, ఎవరూ అడక్కపోయినా, పెద్ద డోలు మీద ఇంకొక్క దెబ్బ వేసింది.